కూజా చల్లబడని రోజు: ఒంటికి తొడుక్కునే చల్లదనం వెనక చరిత్ర

 

ఈ వారం ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలవుతోంది. పంపింది మండపేట పక్కన పల్లెటూరి కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఉన్నదున్నట్టు చదువుతాను. “అన్నా, మా నాన్న జట్టు పనికి వెళ్తాడు. దాళ్వా ధాన్యం బస్తాలు లారీకెత్తే పని. పోయిన ఏప్రిల్‌లో కళ్ళంలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. దేవుడి దయ, లేచాడు. ఫోన్‌లో కూలింగ్ వెస్ట్ అని ఒకటి చూశాను, మూడు వేల దాకా ఉంది. మొదటి జీతంతో కొనిపెడదామని. పని చేస్తుందా అన్నా?”

చేస్తుంది, చెయ్యదు అని ఒక్క ముక్కలో జవాబిద్దాం అనుకున్నాను. టైప్ చేసి చెరిపేశాను. ఎందుకంటే రెండేళ్ళ కిందట నేనూ అలాంటిదే ఒకటి కొన్నాను. నీళ్ళలో ముంచి, పిండి, చొక్కా మీద తొడుక్కునే రకం. మే నెలలో అది వేసుకుని బైక్ మీద పాల్వంచ వెళ్ళాను. మంట లాంటి ఎండ, కానీ ఛాతీ, వీపు చల్లగా ఉన్నాయి. అబ్బో, భలే వస్తువు అనుకున్నాను. వారం తర్వాత అదే వెస్ట్ వేసుకుని అమలాపురం వెళ్ళాను. ఫోన్‌లో చూస్తే పాల్వంచ కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ. అయినా గంట తిరక్కుండా తడి గోనెసంచి కప్పుకున్నట్టు అయిపోయింది. విప్పి బండికి తగిలించేశాను.

వస్తువు అదే, మనిషీ అదే. మారింది గాలి. ఈ ఎపిసోడ్ అంతా ఈ ఒక్క విషయం గురించే. ఎండలో మనిషిని చల్లగా ఉంచే బట్టల చరిత్ర దాదాపు రెండు వందల ఏళ్ళది. అందులో ప్రతి వస్తువూ ఏదో ఒక చోటి గాలి కోసం పుట్టింది. ఆ సంగతి తెలియకుండా కొంటే డబ్బు పోతుంది. ఒక్కోసారి మనిషే పోతాడు.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. ధవళేశ్వరం.

1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా కట్టారు. పని మొదట్లోనే పదివేల మంది కూలీలు దిగారని చెబుతారు. వీణెం వీరన్న గారి పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కాటన్‌కి కుడిభుజంలా నిలబడిన మనిషి. ఇవన్నీ మనం స్కూల్లో చదువుకున్నవే. మనం అంతగా ఆలోచించనిది ఒకటుంది. నదిలో దిగి రాయి పేర్చాలంటే నది తగ్గి ఉండాలి. గోదావరి తగ్గి ఉండేది వరదలు తీసిన తర్వాత, అంటే చలికాలం నుంచి జూన్ దాకా. అంటే ఈ డెల్టాకి అన్నం పెట్టిన పనిలో పెద్ద భాగం నడి ఎండాకాలంలో, ఇసుక కాలిపోయే నది గర్భంలో జరిగింది. 1848లో కాటన్ కూడా ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్ళిపోయారు, పని కెప్టెన్ ఓర్ చేతికి వచ్చింది. ఎండ ఒక్కటే కారణమని నేను అనను. కానీ దొరకి సెలవు ఉంది. కూలివాడికి ఉన్నది తలగుడ్డ.

ఆ తలగుడ్డని తేలిగ్గా తీసెయ్యకండి. ఒక నేత తువ్వాలు తల మీద నీడ ఇస్తుంది, చెమట పీలుస్తుంది, తడిపితే చల్లదనం ఇస్తుంది, బరువు మోసేటప్పుడు చుట్టకుదురు అవుతుంది. ఇప్పటికీ మన చేలల్లో ఆడవాళ్ళని చూడండి. చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు. ఎండ నేరుగా చర్మం మీద పడదు, వదులుగా ఉంటుంది కాబట్టి లోపల గాలి ఆడుతుంది, నూగు కూడా గుచ్చుకోదు. ఏ కంపెనీ డిజైన్ చెయ్యని సేఫ్టీ డ్రెస్ అది.

దొరల దగ్గర ఏముండేది? మీరు పాత సినిమాల్లో చూసే టోపీ, సోలా టోపీ. చాలామంది సోలార్ టోపీ అనుకుంటారు, సూర్యుడికి సంబంధించిన పేరేమో అని. నిజానికి సోలా అనేది మొక్క పేరు. మనం గాలానికి కట్టే బెండు ఉంది కదా, అదే. చెరువుల్లో, చిత్తడి నేలల్లో పెరుగుతుంది, లోపలంతా గాలి బుడగలతో దూదిలా తేలిక. వేడిని లోపలికి రానివ్వదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి ఈ టోపీ దేశమంతా వ్యాపించింది. ఎండకి నీడగా అది మంచి వస్తువే.

కానీ దాని వెనక ఉన్న నమ్మకం తప్పు. సూర్యకిరణాలు నేరుగా మెదడులోకి, వెన్నులోకి దూరి వడదెబ్బ తెస్తాయని అప్పటి డాక్టర్లు నమ్మారు. అందుకని వెన్నెముక పొడుగునా మందపాటి గుడ్డ, ‘స్పైన్ ప్యాడ్’, కట్టుకునేవాళ్ళు. పొట్టకి చలి తగిలితే కలరా వస్తుందని ఫ్లానెల్ పట్టీ చుట్టుకునేవాళ్ళు, దాని పేరే కలరా బెల్ట్. మన ఎండలో ఉన్ని పట్టీ! ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ మనం కూడా యాడ్ చూసి, అది ఎలా పనిచేస్తుందో అడక్కుండా కొంటున్నాం కదా. పొరపాటు అదే రకం.

అయితే అదే దొరల బంగళాల్లో ఇంకో వస్తువు ఉండేది, అది నిజంగా పనిచేసేది. వట్టివేళ్ళ తడకలు. గుమ్మాలకి కట్టి, వాటి మీద నీళ్ళు చల్లించేవాళ్ళు. బయటి వేడిగాలి ఆ తడిలోంచి వచ్చి గదిలోకి చల్లగా, సువాసనతో దిగేది. మన ఇళ్ళలో దానికి తమ్ముడు ఒకడున్నాడు, మట్టికూజా. కూజా చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆరుతుంది, ఆరుతూ లోపలి నీళ్ళలోంచి వేడి లాక్కుపోతుంది. మన ఒళ్ళు చేసే పనీ అదే. చెమట పట్టడం వల్ల మనం చల్లబడం. చెమట ఆరడం వల్ల చల్లబడతాం. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం ఎపిసోడ్ అర్థమైపోయినట్టే.

లెక్క చెప్తాను. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. ఒక కిలో ఐసు కరిగి, ఆ నీళ్ళు ఒంటి వేడికి వచ్చేసరికి తీసుకునేది సుమారు 490 కిలోజౌళ్ళు. అంటే ఒక లీటరు చెమట అయిదు కిలోల ఐసుతో సమానం. మనందరికీ ఒంట్లోనే ఏసీ ఉంది. కాకపోతే గాలి ఆ చెమటని తీసుకోవాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, బొట్లు బొట్లుగా కారిపోతుంది. కారిన చెమట వల్ల చల్లదనం లేదు, ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోవడం తప్ప.

మా అమ్మమ్మ గారు కొన్ని రోజులు “ఇవాళ కూజా చల్లబడలేదు రా, ఉప్పు గాలి తిరిగింది” అనేవారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. మన డెల్టాలో ఎండాకాలం రెండు రకాల రోజులు ఉంటాయి. పడమటి గాలి వీస్తే పొడి, వడగాడ్పు, కూజా నీళ్ళు జిల్లుమంటాయి, బట్టలు అరగంటలో ఆరిపోతాయి. సముద్రపు గాలి తిరిగితే ఉక్క, కూజా నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, బనియను ఒంటికి అతుక్కుపోతుంది. నా వెస్ట్ అమలాపురంలో ఓడిపోవడానికి కారణం అదే.

ఈ విషయాన్ని మొదట పద్ధతిగా కొలిచిన వాళ్ళలో ఒకాయన జాన్ స్కాట్ హాల్డేన్, బ్రిటిష్ శాస్త్రవేత్త. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ గనుల్లో కార్మికులు వేడిలో ఎలా పనిచేస్తున్నారో చూసి, 1905లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆయన చెప్పిందేంటంటే, మామూలు థర్మామీటర్ చూస్తే లాభం లేదు, తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూడాలి. దాన్నే వెట్ బల్బ్ అంటారు. తడి గుడ్డ ఆ గాలిలో ఎంత వరకు చల్లబడగలదో అది చెబుతుంది. ఒక రకంగా అది మన కూజాయే. గాలి ఆడని చోట ఆ అంకె 31 డిగ్రీలు దాటితే, చొక్కా విప్పేసి, దాదాపు ఏ పనీ చెయ్యకుండా ఉన్న మనిషికి కూడా ఒంటి వేడి పెరగడం మొదలవుతుందని ఆయన తేల్చారు. 2022లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ మీద మళ్ళీ ప్రయోగం చేస్తే, తేమ ఎక్కువున్న గాలిలో గీత దాదాపు అక్కడే, 31 దగ్గరే వచ్చింది. నూట పదిహేడేళ్ళు గడిచినా మనిషి ఒళ్ళు మారలేదు.

ఇంకో మెట్టు 1950లలో. అమెరికా మెరైన్ సైనికులకి పారిస్ ఐలాండ్ అనే చోట శిక్షణ ఇస్తారు, సముద్రం పక్కనే, మన కోనసీమ లాంటి ఉక్క. కుర్రాళ్ళు డ్రిల్లులో పడిపోతున్నారు. యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు 1957లో ఒక సూచీ ఇచ్చారు. వెట్ బల్బ్‌కి 70 శాతం, నేరుగా తగిలే ఎండకి 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకి 10 శాతం విలువ. దాన్ని బట్టి డ్రిల్లు తగ్గించాలా ఆపాలా అని నిర్ణయించారు. చూశారా, మనం ఫోన్‌లో చూసి భయపడే అంకెకి అందులో పది శాతమే విలువ!

ఇప్పుడు నా రెండు ప్రయాణాల్లాంటి రెండు రోజులు తీసుకుని లెక్క వేద్దాం. ఒక రోజు 43 డిగ్రీలు, తేమ 15 శాతం. వెట్ బల్బ్ సుమారు 23. తడి వెస్ట్ అక్కడ అంత దూరం దిగగలదు, అందుకే జిల్లుమంది. ఇంకో రోజు 36 డిగ్రీలు, తేమ 60 శాతం. వెట్ బల్బ్ సుమారు 29. తడి వెస్ట్ ఎంత ఖరీదైనదైనా అంతకంటే చల్లబడదు, ఏ బ్రాండ్ అయినా సరే. పైగా ఒంటికి అతుక్కుని, అసలు చెమట ఆరే దారి కూడా మూసేస్తుంది.

మరి చెమట ఆరని చోట ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న అంతరిక్షంలో కూడా వచ్చింది. 1966 జూన్‌లో జెమినీ 9 నౌకలోంచి జీన్ సెర్నాన్ బయటికి వచ్చి రెండు గంటల పైన అంతరిక్షంలో ఉన్నాడు. ఆయన సూట్‌ని లోపల గాలి తిప్పి చల్లబరిచేవాళ్ళు. పని కష్టమయ్యేసరికి ఆ గాలి చెమటని మోయలేకపోయింది. అద్దం అంతా మంచు పట్టేసి ఎదుట ఏమీ కనబడలేదు, గుండె దడదడలాడింది, అనుకున్న పని మధ్యలో ఆపి లోపలికి రావాల్సి వచ్చింది. అప్పటికే ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలో విమాన పరిశోధకులు సన్నటి గొట్టాలు కుట్టిన లోదుస్తుల్లో చల్లటి నీళ్ళు తిప్పే పద్ధతి చేసి ఉన్నారు. అపోలో వాళ్ళు చంద్రుడి మీద నడిచింది ఆ రకం బట్టలు వేసుకునే. చెమటని నమ్ముకోకుండా వేడిని నేరుగా లాగేయడం అన్నమాట.

భూమి మీద అదే పని ఐసు చేస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు గనులు చాలా లోతు, వేడి, తేమ. అక్కడ కార్మికులు వడదెబ్బతో చనిపోయేవారు. మొదట కొత్తవాళ్ళని కొన్ని రోజులు వేడి గదుల్లో కసరత్తు చేయించి అలవాటు చేసి దింపేవారు. 1970లలో ఐసు జాకెట్లు వచ్చాయి. వాటితో ప్రాణాలు కాపాడొచ్చు. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. ఐసు జాకెట్ వేస్తే ఆ అలవాటు చేసే రోజులు ఆదా చేసి, కొత్తవాణ్ణి ముందే పనిలోకి దింపొచ్చు. ఒక వస్తువు మనిషి కోసం వచ్చిందా, పని ఆగకుండా ఉండటానికి వచ్చిందా? ఈ ప్రశ్న మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆటల్లోకి కూడా ఐసు వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ఆస్ట్రేలియా వాళ్ళు ఐసు వెస్టులు తెచ్చుకున్నారు. పోటీకి ముందు వేసుకుని ఒళ్ళు చల్లబరుచుకుని, పోటీలో తీసేసేవాళ్ళు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు పనికొచ్చే ముక్క ఇదే. పరుగులో బరువు మొయ్యకండి, పరుగుకి ముందు చల్లబడండి. అలాగే బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్లు వేసుకుని పరిగెత్తొద్దు. 1997లో అమెరికాలో బరువు తగ్గడం కోసం అలాంటి సూట్లలో కసరత్తు చేసి ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు చనిపోయారు.

ఇక ఫ్యాన్ జాకెట్. ఇది జపాన్‌లో పుట్టింది. సోనీలో ఇంజనీర్‌గా చేసిన ఇచిగాయా హిరోషి దీన్ని తయారుచేశారు, 2004 ప్రాంతంలో అమ్మకానికి వచ్చింది. గదంతా చల్లబరిచే బదులు మనిషిని ఒక్కణ్ణే చల్లబరిస్తే చాలదా అన్నది ఆయన ఆలోచన. నడుము వెనక రెండు చిన్న ఫ్యాన్లు, అవి చొక్కా లోపలికి గాలి ఊది చెమట ఆరబెడతాయి. ఇప్పుడు జపాన్‌లో బిల్డింగ్ పనివాళ్ళు చాలామంది వేసుకుంటారు. జపాన్ వేసవి కూడా మనలాగే ఉక్క. 2019లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు మామూలు ఫ్యాన్లతో ఒక ప్రయోగం చేశారు. 40 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్న గదిలో ఫ్యాన్ ఒంటి వేడినీ, గుండె మీద భారాన్నీ తగ్గించింది. 47 డిగ్రీలు, తేమ 10 శాతం ఉన్న గదిలో అదే ఫ్యాన్ హాని చేసింది, మంట ముందు కూర్చోబెట్టి విసిరినట్టు. అంటే ఉక్కరోజు ఫ్యాన్ మేలు, గట్టి వడగాడ్పు రోజు తడిగుడ్డ మేలు. మనం సాధారణంగా తిరగేసి అనుకుంటాం.

ఏసీ హెల్మెట్ల సంగతి కూడా అడుగుతారు మీరు. హైదరాబాద్‌లో జార్ష్ అనే స్టార్టప్ తయారుచేసింది. 2024లో వడోదరలో ట్రాఫిక్ పోలీసులకి ఏసీ హెల్మెట్లు ఇచ్చారు. ఎండలో కదలకుండా నిలబడేవాళ్ళకి హాయిగానే ఉంటుంది. మెడ ఫ్యాన్లు, మెడకి కట్టే చల్లటి పట్టీలు కూడా అంతే. వీటితో ఒక జాగ్రత్త ఉంది. మెడ, ముఖం చల్లబడితే మనసుకి చల్లగా అనిపిస్తుంది, లోపలి ఒంటి వేడి మాత్రం అంతగా తగ్గదు. అలసట తెలియక ఇంకో గంట పని చేసేస్తాం. ప్రమాదం అక్కడే.

ఇప్పుడు మళ్ళీ మన డెల్టాకి వద్దాం.

2003లోనూ, 2015లోనూ మన రాష్ట్రంలో వడగాడ్పులకి ఒక్కో వేసవిలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది బయట పనిచేసే కూలీలు, పెద్దవయసువాళ్ళు.  దానికి తోడు తేమ. కాటన్ దొర తెచ్చిన నీళ్ళతో కరువు పోయింది, దాళ్వా వచ్చింది, అందులో సందేహం లేదు. కానీ 2020లో ఐఐటీ గాంధీనగర్ పరిశోధకుల బృందం నేచర్ జియోసైన్స్‌లో ఒక విషయం చూపించింది. సాగునీరు గాలిని కాస్త చల్లబరుస్తుంది గానీ తేమ పెంచుతుంది, రెండూ కలిపి చూస్తే దేశంలో ఉక్కవేడి తీవ్రత పెరుగుతోంది అని. చేలు, కాలువలు, చెరువులు, పక్కనే సముద్రం ఉన్న మనకి ఇది చెవిన పెట్టాల్సిన మాట.

ఇంకొకటి చూడండి. భీమవరం వైపు రొయ్యల పట్టుబడి ఎప్పుడైనా చూశారా? వల చెరువులోంచి పైకి రావడం ఆలస్యం, రొయ్య ఐసునీళ్ళలో పడుతుంది. ఒక్క గంట ఆలస్యమైతే సరుకు పాడవుతుందని అందరికీ తెలుసు. అందుకే ఊరూరా ఐసు ఫ్యాక్టరీలు. అదే చెరువులో నడుం లోతు నీళ్ళలో వల లాగే మనిషికి ఆ ఐసులో పావు వంతు ముక్క దక్కిందా అని అడిగితే ఎవరూ మాట్లాడరు. మనకి ఐసు లేక కాదండి. ఎవరికి వెయ్యాలో మనం అనుకోలేదు, అంతే.

సరే, ఇప్పుడు ఆ కుర్రాడికి నా జవాబు.

తమ్ముడూ, ముందు నాన్నగారు చేసే పని చూడు. ఆయన వీపు మీద 75 కేజీల బస్తా ఉంటుంది. తడి వెస్ట్ వేస్తే బస్తా కింద నలిగిపోతుంది, ఉక్కరోజు అసలే పనిచెయ్యదు. ఫ్యాన్ జాకెట్ మంచిదే, కానీ ఫ్యాన్లు ఉండేది సరిగ్గా బస్తా ఆనే చోట. ఐసు వెస్ట్ ఇంకో రెండు మూడు కేజీల బరువు, పైగా కొంతసేపటికే కరిగిపోతుంది. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టేవాళ్ళకి, డెలివరీ కుర్రాళ్ళకి, కాపలా కాసేవాళ్ళకి పనికొచ్చే వస్తువు మీ నాన్నగారికి పనికిరాకపోవచ్చు. గాలిని చూడాలి, పనిని చూడాలి, ఆ తర్వాతే వస్తువుని చూడాలి.

నేనైతే ఆ మూడు వేలతో ఏం కొంటానో చెప్తాను. ఒక థర్మాకోల్ పెట్టె, నాలుగు నూలు తువ్వాళ్ళు, ఒక పెద్ద బకెట్, రోజూ కాస్త ఐసు. పని మధ్యలో నీడలో కూర్చున్నప్పుడు ఐసునీళ్ళలో ముంచిన తువ్వాలు మెడకి, ఛాతీకి వేసుకోమను. ఐసుముక్క నేరుగా చర్మం మీద పెట్టకూడదు. బకెట్‌లో చల్లటి నీళ్ళు పోసి మోచేతుల దాకా రెండు చేతులూ పది పదిహేను నిమిషాలు ముంచి ఉంచమను. ఇది నాటు వైద్యం అనుకోవద్దు. వేడెక్కిన అరచేతుల్లోకి రక్తం బాగా వస్తుంది, అక్కడ చల్లబడి లోపలికి వెళ్తుంది. 1990లలో బ్రిటిష్ నౌకాదళ పరిశోధకులు కొలిచి చూసి, ఒంటి లోపలి వేడి తగ్గుతుందని తేల్చారు. మంటలార్పే సిబ్బంది కూడా ఈ పద్ధతి వాడతారు. ఆ బకెట్ మీ నాన్నగారికే కాదు, జట్టు మొత్తానికి ఉపయోగపడుతుంది. వెస్ట్ అయితే ఒక్కడికే.

రెండోది, సీజన్ మొదటి వారం. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే పూర్తి లోడు ఎత్తనివ్వకండి. పొద్దున కూజా నీళ్ళు తాగి చూడమను. చల్లగా లేకపోతే ఆ రోజు ఎక్కువ సార్లు కూర్చోవాలని గుర్తు. ఫోన్ ఉన్నవాళ్ళు డిగ్రీలతో పాటు తేమ శాతం కూడా చూడండి.

మూడోది, మనిషి తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా, పడిపోయినా అది అలసట అనుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా ఆగకుండా నీడలోకి చేర్చి, ఒంటినిండా నీళ్ళు పోసి, విసురుతూ ఉండండి. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. చల్లబరచడం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

చివరిగా, గనుల దగ్గర దాచిపెట్టమన్న ప్రశ్న. మన పెద్దవాళ్ళు చేలో పని తెల్లారగట్ల మొదలుపెట్టి, ఎండ ముదిరేసరికి గట్టెక్కి, మళ్ళీ పొద్దు వాలాక దిగేవారు. ఉపాధి హామీ పనులు కూడా ఎండాకాలంలో పొద్దున్నే మొదలుపెట్టి తొందరగా ముగించేలా చూశారు. ఆ పద్ధతికి బ్యాటరీ అక్కర్లేదు. రేపు ఎవరైనా జట్టుకి మంచి జాకెట్లు కొనిచ్చి, “ఇంక మధ్యాహ్నం కూడా ఎత్తెయ్యండి, చల్లగా ఉంటుందిగా” అంటే, ఆ జాకెట్ తీసుకోండి, ఆ మాట మాత్రం తీసుకోకండి. విరామం ఎప్పుడు, నీడ ఎక్కడ, నీళ్ళు ఎవరు తెస్తారు అనేవి లారీ రాకముందే మేస్త్రీతో మాట్లాడుకోండి. పదిమంది కలిసి అడిగితే వింటారు.

ఆ కుర్రాడికి ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. “అన్నా, మరి నా మొదటి జీతంతో నాన్నకి ఏం కొన్నట్టు?” అన్నాడు. ఒక మంచి చొక్కా కొను, వదులుగా, నూలుది, ఫుల్ హ్యాండ్స్ అన్నాను. పండక్కి వేసుకుంటారు, పాతబడ్డాక పనికీ వేసుకుంటారు.

మీ ఇంట్లో ఎండలో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి వినిపించండి. ఉంటానండి.